చైనాలో చుట్టాలింట వేసవి నెల: పొద్దున లేచింది మొదలు ఎలా మసలుకోవాలి

మా అత్తగారిది నాన్‌జింగ్. పెళ్లయిన దగ్గర నుంచి వీలైన ప్రతి వేసవిలోనూ పిల్లలతో వెళ్లి నెల, నెలన్నర ఆ ఇంట్లోనే ఉంటాను. అందుకే కొడుకో కూతురో చైనా సంబంధం చేసుకున్నవాళ్లు, తమ్ముడో మేనకోడలో అక్కడ కాపురం పెట్టినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "హోటల్లో కాదు, వాళ్లింట్లోనే ఉండాలి. ఎలా?" విమానం టికెట్ల గురించీ చూడవలసిన చోట్ల గురించీ చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఒక ఇంట్లో, ఒకే వంటగదిలో, ఒకే స్నానాలగదితో నెలరోజులు ఎలా నెట్టుకురావాలో చెప్పేవాళ్లే తక్కువ. నేను దాని గురించే ఎక్కువ రాస్తాను.

ఇది యాంగ్జీ నది దిగువన ఉన్న నాన్‌జింగ్, సుజౌ, షాంఘై వైపు ఇళ్ల సంగతి. బీజింగ్ వైపో చెంగ్డూ వైపో వెళ్తే తిండీ ఎండా మారతాయి. ఇంటి మర్యాదలు చాలావరకు ఇవే.

బయల్దేరే ముందు సిద్ధం చేసుకోవలసినవి

- వీసా. మీ చుట్టాలు చైనా పౌరులైనా, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాళ్లైనా క్యూ2 వీసా. 180 రోజులకు మించకుండా ఉండేవాళ్లకు ఇది. మనవాళ్లే అక్కడ ఉద్యోగానికో చదువుకో ఉంటే ఎస్2. వాళ్లు రాసిన ఆహ్వాన లేఖ, వాళ్ల గుర్తింపు కార్డు నకలు ముందుగానే తెప్పించుకోండి. పెళ్లి పత్రం, పిల్లల పుట్టిన తేదీ పత్రాల నకళ్లు కూడా వెంట ఉంచుకోండి.
- వీచాట్ (కబుర్లకూ వీడియో కాల్స్‌కూ చెల్లింపులకూ వాళ్లు వాడే యాప్), అలీపే (చెల్లింపుల యాప్) రెండూ ఫోనులో. వీటి గురించి 2వ అంచెలో చెబుతాను.
- ప్లగ్ అడాప్టర్. కరెంటు 220 వోల్టులు, దాదాపు మనలాగే, కానీ అక్కడి సాకెట్లు బల్లపరుపు పిన్నులవి. మన గుండ్రటి మూడు పిన్నులు దూరవు.
- సాంబారు పొడి, రసం పొడి, కంది పొడి, చింతపండు. సీలు విప్పని ప్యాకెట్లు మేలు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, కూరగాయలు, విత్తనాలు, మాంసం, పాల పదార్థాలు పెట్టెలో పెట్టకండి. ప్రయాణికులు ఇవి తేవడాన్ని చైనా నిషేధించింది, విమానాశ్రయంలోనే తీసేస్తారు.
- రోజూ వేసుకునే మందులు, వాటి చీటీతో సహా.
- ఇంట్లో పెద్దలకు కానుకలు. అరకు కాఫీ, పోచంపల్లి చున్నీ లాంటివి బాగుంటాయి. గోడ గడియారం, గొడుగు ఇవ్వకండి. "గడియారం ఇవ్వడం" అనే మాట వాళ్ల భాషలో అంత్యక్రియల మాటలా వినిపిస్తుంది. గొడుగు పేరు "విడిపోవడం" అనే మాటకు దగ్గరగా ఉంటుంది.

1. తేదీలు వాళ్ల పిల్లల బడిని చూసి నిర్ణయించుకోండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మన బడులకు ఏప్రిల్ చివర సెలవులిచ్చి జూన్ రెండో వారంలో తెరుస్తారు. అక్కడ వేసవి సెలవులు జూలై, ఆగస్టు; సెప్టెంబరు 1న కొత్త తరగతి. మనం మే నెలలో వెళ్తే అక్కడి పిల్లలు పొద్దున బడికి, సాయంత్రం హోంవర్కుకు అతుక్కుపోయి ఉంటారు. మీ పిల్లలు నెలంతా వృద్ధుల మధ్య గోడలు చూస్తూ కూర్చుంటారు.

ఇంకో సంగతి తప్పక కనుక్కోండి: ఆ ఇంట్లో ఈ సంవత్సరం ఎవరైనా గావ్‌ఖావ్ రాస్తున్నారా? అది వాళ్ల విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష, జూన్ 7న మొదలవుతుంది. ఆ ముందు రెండు నెలలు ఇంట్లో టీవీ కూడా మోగదు. ఎంత రమ్మన్నా అప్పుడు వెళ్లకండి.

జూన్ నడిమి నుంచి జూలై మొదటి రెండు వారాల వరకు మేయ్‌యూ అనే ముసురు. బట్టలు ఆరవు, గోడలు చెమ్మగిల్లుతాయి. జూలై నడిమి నుంచి ఆగస్టు ద్వితీయార్ధం దాకా సాన్‌ఫూ, మన రోహిణి కార్తెలాంటి మండే రోజులు. ఉన్నంతలో నాకు నచ్చేది ఆగస్టు. ఎండ మండుతుంది, కానీ పిల్లలందరూ ఇంట్లో ఉంటారు. పెద్దలే వెళ్తున్నట్లయితే సెప్టెంబరు చివరికి మార్చుకోండి.

2. ఫోనునీ డబ్బునీ మన ఊళ్లోనే సరిచేసుకోండి

వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ ఆ ఇంటి వైఫైలో తెరుచుకోవు. మన సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ వేయించుకుంటే దాని డేటాలో తెరుచుకుంటాయి. ఇంట్లో అమ్మానాన్నల ఫోనుల్లోనూ వీచాట్ పెట్టించి, బయల్దేరే ముందే ఒకసారి వీడియో కాల్ చేసి చూడండి. కొత్తగా వీచాట్ తెరిచేటప్పుడు, ఇప్పటికే వాడుతున్న ఒకరు మనల్ని ధ్రువీకరించాలని అది అడగవచ్చు. ఆ పని చుట్టాలతో ముందే చేయించుకోండి.

కూరగాయల బండి దగ్గరా చెల్లింపు ఫోనుతోనే. వీసా, మాస్టర్ కార్డులను అలీపేకు, వీచాట్‌కు జోడించుకోవచ్చు. ఒక్కో చెల్లింపుకు 200 యువాన్ల (చైనా డబ్బు) వరకు రుసుము లేదు, దాటితే 3 శాతం. మన ఫోన్‌పే అక్కడి క్యూఆర్ కోడ్ల మీద పనిచేయదు. తరచూ జరిగే పొరపాటు: బ్యాంకు యాప్‌లో కార్డుకు "అంతర్జాతీయ వినియోగం" ఆన్ చేయకుండా వెళ్లిపోవడం. రెండోది: మన సిమ్ తీసేయడం. బ్యాంకు పంపే ఓటీపీ ఆ సిమ్‌కే వస్తుంది.

సరిచూసుకోవడం: ఇక్కడే రెండు యాప్‌లలో కార్డు చేర్చి, పాస్‌పోర్టు ధ్రువీకరణ పూర్తయినట్లు చూపిస్తోందో లేదో చూడండి. దిగిన మొదటి రోజే ఒక నీళ్ల సీసా కొని రెండింటినీ పరీక్షించండి. చేతిలో కొన్ని వందల యువాన్ల చిల్లర నోట్లు ఉంచుకోండి.

3. చేరిన 24 గంటల్లో పోలీసు నమోదు

హోటల్లో దిగితే ఈ పని వాళ్లే చేస్తారు. ఇంట్లో దిగితే మీరో, ఆతిథ్యమిచ్చేవారో చేయించాలి. చట్టం ప్రకారం గడువు 24 గంటలు. దాటితే హెచ్చరిక, 2,000 యువాన్ల వరకు జరిమానా కూడా వేయవచ్చు. మొదటి వేసవిలో ప్రయాణ బడలికతో మేము మూడో రోజు వెళ్లాం. హెచ్చరించి వదిలేశారు గానీ, నా కంటే ఎక్కువ మా మామగారి ముఖం చిన్నబోయింది. తన ఇంటికి వచ్చిన మనిషి విషయంలో తానే పొరపాటు చేశానని ఆయన బాధ. అప్పటి నుంచి విమానాశ్రయం నుంచి నేరుగా పాయ్‌ఛూసువో, అంటే పేట పోలీసు స్టేషన్, ఆ తరువాతే ఇల్లు.

తీసుకెళ్లవలసినవి: అందరి పాస్‌పోర్టులు (పసిపిల్లలవి కూడా), ఇంటివారి గుర్తింపు కార్డు, హుకోవ్ పుస్తకం అనే కుటుంబ నమోదు పుస్తకం లేదా ఇంటి పత్రం. ఇంటివారు ఒకరు వెంట ఉండాలి. కొన్ని నగరాల్లో ఫోనులోనే నమోదు చేయవచ్చు, ముందే కనుక్కోమనండి. ఇచ్చిన చీటీ మీద పేరు అక్షరాలు, పాస్‌పోర్టు సంఖ్య, వెళ్లిపోయే తేదీ అక్కడే నిలబడి చదవండి. మధ్యలో దేశం దాటి వెళ్లి వస్తే మళ్లీ నమోదు చేయించాలి.

4. వరసలు నేర్చుకోండి, పిల్లలకు నేర్పండి

ఇందులో తెలుగువాళ్లకు పెద్ద వెసులుబాటు ఉంది. "అంకుల్" అనే ఒక్క మాటతో సరిపెట్టుకునేవాళ్లకు చైనా వరసలు తల తిరిగిపోయేలా ఉంటాయి. పెదనాన్న, బాబాయి, మేనమామ ముగ్గురూ వేరని పుట్టుకతో తెలిసిన మనకు అవి ఇంటి మాటలే.

నాన్న అన్న బోబో, తమ్ముడు షూషు, అక్కచెల్లెళ్లు గూగు. అమ్మ అన్నదమ్ములు జియోజియో. నాన్న తల్లిదండ్రులు నైనై, యేయే. అమ్మ తల్లిదండ్రులు వైపో, వైగోంగ్. నైనై, వైపో కలగలపడం పిల్లలు తరచూ చేసే తప్పు. పిలిచిన ముసలావిడ నవ్వుతుంది, పక్కనున్న ఆవిడ నొచ్చుకుంటుంది. అన్న గగ, అక్క జియెజియె, చెల్లెలు మేయ్‌మేయ్, తమ్ముడు దీదీ. హిందీ విన్న పిల్లలు "దీదీ" అని అక్కను పిలుస్తారు, ఒకటికి రెండుసార్లు చెప్పండి. అత్తమామలను కోడలు కూడా అమ్మా, నాన్నా అనే పిలుస్తుంది. పెద్దలను పేరుతో పిలవడం మనకు ఎంత తప్పో వాళ్లకూ అంతే.

ఒక్కచోట మాత్రం మన లెక్క తప్పుతుంది. మనకు మేనత్త, మేనమామల పిల్లలు బావా మరదళ్లు. వాళ్లకు నాన్న అన్నదమ్ముల పిల్లలు థాంగ్, మిగిలినవాళ్లంతా బ్యావ్; అందరూ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. దగ్గరి రక్త సంబంధం ఉన్నవాళ్ల మధ్య పెళ్లిని అక్కడి చట్టం నిషేధిస్తుంది. ఇంట్లో పిల్లలను చూసి "నీ మొగుడొచ్చాడే" అని మేనత్త కొడుకును చూపించి ఆటపట్టించే అలవాటు మనకు ఉంది. అక్కడ ఆ మాట నోట రానివ్వకండి. తెలుగు తెలిసిన ఎవరైనా నవ్వుతూ అనువదించి చెప్పినా, భోజనాల బల్ల దగ్గర అందరి చేతులూ ఆగిపోతాయి.

సరిచూసుకోవడం: గుమ్మంలోకి వచ్చిన ప్రతి పెద్దవారినీ మీ పిల్లలు అడగకుండానే వరస పెట్టి పిలుస్తున్నారా? అది చాలు. నమస్కారాలూ పలకరింపు వాక్యాలూ రాకపోయినా ఎవరూ పట్టించుకోరు.

5. మొదటి మూడు రోజులు వాళ్ల గడియారం ప్రకారం నడవండి

చెప్పులు గుమ్మం దగ్గరే విప్పాలి, అది మనకు అలవాటే. కానీ తరువాత ఉత్త కాళ్లతో నడవకూడదు. ఇంటి చెప్పులు ఇస్తారు. నేల చలువ పాదాల నుంచి ఒంట్లోకి ఎక్కుతుందని పెద్దల నమ్మకం. పిల్లలు వినకపోతే మేజోళ్లు తొడగండి, గొడవ ఉండదు.

పొద్దున ఆరుకే పెద్దలు కూరగాయల బజారుకో పార్కుకో వెళ్తారు. పదకొండున్నర, పన్నెండుకల్లా భోజనం. ఆ తరువాత రెండింటి దాకా నిద్ర. ఈ నిద్ర వేళ ఇల్లంతా నిశ్శబ్దం. పిల్లల పరుగులు కింది వాటా వాళ్లకు కూడా వినిపిస్తాయి. నిద్ర పట్టని పిల్లలకు బొమ్మల పుస్తకాలు, రంగులు ఇచ్చి కూర్చోబెట్టండి. రాత్రి భోజనం ఆరు, ఆరున్నర. పదిన్నరకు దీపాలు ఆర్పేస్తారు. మన సమయం అక్కడికంటే రెండున్నర గంటలు వెనక. మన అమ్మ రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే వాళ్లకు పదిన్నర. సాయంత్రం అయిదుకు చేయమని చెప్పండి, అక్కడ ఏడున్నర అవుతుంది. అందరూ తినేసి తీరిగ్గా ఉంటారు, వాళ్లూ వచ్చి చెయ్యి ఊపుతారు.

స్నానం వాళ్లకు రాత్రి పని. పొద్దున్నే తలస్నానం చేసి తడి జుట్టుతో ఏసీ ముందు కూర్చుంటే మా అత్తగారికి ప్రాణం ఒప్పదు. పొద్దున స్నానం మానలేకపోతే మొదటి రోజే చెప్పండి, తల మాత్రం ఆరబెట్టుకుని రండి. బకెట్టు, చెంబు, మరుగుదొడ్డిలో చేతి స్ప్రే ఉండవు. చిన్న మగ్గు ఒకటి కొనుక్కోండి, ఎవరూ ఏమీ అనుకోరు. చెత్త విషయంలో జాగ్రత్త: నాన్‌జింగ్‌లో 2020 నవంబరు నుంచి నాలుగు రకాలుగా వేరు చేయడం తప్పనిసరి. తడి చెత్తలో ప్లాస్టిక్ సంచి పడేస్తే కింద డబ్బా దగ్గర మాట పడేది మీ అత్తగారే.

6. తిండి

బెంగ పడవలసిన పని లేదు, ముందు కూరగాయల బజారుకు వెళ్లండి. పెద్దవాళ్లతో పాటు పొద్దున్నే సంచి పట్టుకుని బయల్దేరితే సగం బెరుకు అక్కడే పోతుంది. షియెన్‌త్సాయ్ అని కట్టలుగా పెట్టేది మన తోటకూర. సీగ్వా నేతిబీర, ఖూగ్వా కాకర, డోంగ్‌గ్వా బూడిద గుమ్మడి, పొడుగు బొబ్బర కాయలు, సొరకాయ లాంటి హూజు. అన్నీ మన పొలం గట్టు మీదివే. మా అత్తగారు ఎర్ర తోటకూరను కాడలు తుంచి, వెల్లుల్లి చితక్కొట్టి, పొగలు కక్కే మూకుడులో రెండు నిమిషాలు తిప్పి దించుతారు. అందులో దిగిన నీరు గులాబీ రంగులో ఉంటుంది. అది అన్నంలో పోసుకోవాలి, ముద్దంతా గులాబీ అవుతుంది. మా చిన్నది మొదటిసారి ఆ అన్నం చూసి గిన్నె వదలలేదు. నేను ఆ వంటింట్లో మొదట నోరు విప్పింది తోటకూర గురించే.

శాకాహారులకు అసలు చిక్కు వేరే. "మాంసం లేదు" అని వాళ్లు నిజాయతీగానే చెబుతారు. చిక్కుడుకాయలో రుచికి వేసిన చెంచాడు పంది కీమా వాళ్ల లెక్కలో మాంసం కాదు. కాబట్టి "వో ఛర్ సూ" (నేను శాకాహారిని) అని ఊరుకోకుండా నాలుగు పేర్లు విడివిడిగా చెప్పండి: రోవ్ (మాంసం), ఝూయోవ్ (పంది కొవ్వు), జీజింగ్ (కోడి రుచి పొడి), హావ్‌యోవ్ (ఆల్చిప్పల సాస్). చైనా అక్షరాల్లో ఫోనులో రాయించుకుని వంట మొదలుకాకముందే చూపండి, బల్ల మీద పెట్టాక కాదు. ముందు చెబితే జాగ్రత్త పడతారు, తరువాత చెబితే నొచ్చుకుంటారు. బౌద్ధుల శాకాహారం వాళ్లకు బాగా తెలుసు. "గుడిలో తిన్నట్లు" అంటే వెంటనే అర్థమవుతుంది, కాకపోతే ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారు. నాన్‌జింగ్‌లో జీమింగ్ గుడి దగ్గర శాకాహార నూడుల్స్ దొరుకుతాయి. వారానికోసారి ఇంటిల్లిపాదినీ అక్కడికి తీసుకెళ్లడం మంచి ఉపాయం. గుడ్డు తింటే టమాటా గుడ్డు వేపుడు ప్రతి ఇంట్లోనూ వండుతారు.

పెరుగు లేనిదే ముద్ద దిగదనేవాళ్లకు: దుకాణాల్లో దొరికే స్వాన్‌నాయ్ ఎక్కువగా తియ్యగా ఉంటుంది. "వూ ఝ థాంగ్", అంటే చెరకు చక్కెర కలపనిది అడగండి. అన్నం జిగురుగా ఉంటుంది, ఆ పెరుగుతో బాగానే కలుస్తుంది.

బల్ల దగ్గర గుర్తుంచుకోవలసినవి: పెద్దలు కూర్చున్నాకే కూర్చోవాలి. అన్నం గిన్నె చేత్తో ఎత్తి నోటి దగ్గర పట్టుకోవడమే మర్యాద. తినే పుల్లలను (చాప్‌స్టిక్స్) అన్నంలో నిలువుగా గుచ్చకూడదు. చనిపోయినవాళ్ల ముందు అగరుబత్తులు గుచ్చినట్లు ఉంటుంది, మన కళ్ల ముందు పిండం పెట్టినంత కష్టం వాళ్లకు. అందరి కూర తీసుకోవడానికి విడిగా గోంగ్‌ఖ్వాయ్ పుల్లలు ఉంటే వాటినే వాడండి. పిల్లలకు ఇంటి దగ్గరే వేరుశనగ గింజలతో సాధన చేయించండి. రాకపోతే చెంచా అడగడం తప్పు కాదు.

గిన్నె ఖాళీ కాగానే వడ్డిస్తారు. ఆపాలంటే అన్నం గింజ మిగల్చకుండా తిని, పుల్లలు పక్కన పెట్టి "ఛర్ బావ్ ల" (కడుపు నిండింది) అనండి. తరువాత మిగిలినవాళ్లతో "మాన్ మాన్ ఛర్" (మీరు మెల్లగా తినండి). ఈ రెండో మాట అన్నారంటే ఇంటి మనిషి కింద లెక్క.

7. ఎండ తట్టుకోవడం

వూహాన్, ఛోంగ్‌ఛింగ్‌లతో పాటు నాన్‌జింగ్‌కు "కొలిమి" అని పాత పేరు. 36, 37 డిగ్రీలు మనకు లెక్క కాదు గానీ గాలి కదలదు, చెమట ఆరదు. మంచం మీద ల్యాంగ్‌షీ అనే వెదురు చాప పరుస్తారు. రోజూ రాత్రి గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డతో తుడవాలి. ఆ పని మీరు తీసుకోండి.

ఐసు నీళ్లు అడగకండి. వేడినీళ్లే ఇస్తారు, దానితో పాటు ల్యూదోవ్ థాంగ్ ఉంటుంది. అది పొట్టు పెసలను ఉడికించి కలకండ వేసి చల్లార్చిన నీళ్ల పాయసం. కప్పు పెసలకు పది కప్పుల నీళ్లు పోసి గింజ విచ్చేదాకా ఉడికించండి. చక్కెర చివర్లోనే వేయాలి.

దోమకాటుకు, చెమటకాయలకు హువాలూషుయ్ అనే ఆకుపచ్చ సీసా ప్రతి ఇంట్లో ఉంటుంది. అందులో ఆల్కహాలు ఉంటుంది కాబట్టి పసిపిల్లలకు నేరుగా రాయకండి, దోమల చుట్ట వెలిగించిన చోట చల్లకండి.

పిల్లల విషయంలో నైనైతో పేచీ వచ్చేది ఈ వేడి దగ్గరే: ఐస్‌క్రీము, ఉత్త కాళ్లు, నిద్రలో పొట్ట మీద దుప్పటి. మీరు వదులుకోలేనివి రెండే ఎంచుకోండి. నేను ఎంచుకున్నవి మోటారు బండి మీద హెల్మెట్టు, రాత్రి పళ్లు తోమడం. మిగిలినవన్నీ ఆవిడ మాటే. ఆవిడకు మనవరాలు దొరికేది ఏడాదికి నెల రోజులు.

8. బయటికి వెళ్లేటప్పుడు

పాస్‌పోర్టు వెంట ఉండాలి; రైలు టికెట్టుకు, చాలా ప్రదర్శనశాలలకు అదే ఆధారం. రైల్లో పిల్లల టికెట్టు 2023 నుంచి ఎత్తును బట్టి కాదు, వయసును బట్టి. దేశంలోపలి విమానాల్లో 3సి (చైనా భద్రతా ధ్రువీకరణ) గుర్తు లేని పవర్ బ్యాంకును 2025 జూన్ 28 నుంచి అనుమతించడం లేదు. కాలిబాట మీద కూడా కరెంటు బళ్లు చప్పుడు లేకుండా వస్తాయి, పిల్లల చెయ్యి వదలకండి. నాన్‌జింగ్‌లో ఉన్న, చైనా గణతంత్ర స్థాపకుడు సున్ యాత్‌సేన్ సమాధికి 392 మెట్లు. పెద్దలతో అయితే పొద్దున్నే వెళ్లండి, సోమవారం మూసి ఉంటుంది. అత్యవసరాలకు పోలీసు 110, అంబులెన్సు 120, అగ్నిమాపక దళం 119.

ఆగస్టు ప్రాంతంలో, వాళ్ల ఏడో నెల పున్నమి వేళ, రోడ్డు పక్కన సుద్దతో గుండ్రంగా గీసి కాగితాలు కాలుస్తారు. అది పితృదేవతలకు పంపేది. ఆ బూడిద తొక్కకండి, ఫొటో తీయకండి.

9. సరిగ్గా సాగుతోందో లేదో ఎలా తెలుస్తుంది

"బూ యావ్ ఖచీ" (మొహమాట పడకండి) అనే మాట రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తోందో గమనించండి. వారం దాటినా తగ్గలేదంటే మీరింకా అతిథే. అప్పుడు "షియెషియె" అని ధన్యవాదాలు చెప్పడం తగ్గించండి. మన ఇళ్లలో అమ్మకు ధన్యవాదాలు చెప్పనట్లే అక్కడా చెప్పరు. ఒక పని అడిగి తీసుకోండి. "ఏమైనా సాయం చేయనా?" అంటే వద్దంటారు. చిక్కుడుకాయల బుట్ట లాక్కుని పక్కన కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెడితే ఎవరూ ఆపరు.

పదో రోజుకు నిన్నటి కూర వేడి చేసి మీకూ పెట్టారంటే, పండు కోసి చేతికివ్వడం మానేసి "బియ్యం కడుగు" అన్నారంటే, మీ ఎదుటే మామగారితో పోట్లాడారంటే అంతా బాగున్నట్లే.

10. తిరుగు ప్రయాణం

సూట్‌కేసులో అయిదు కిలోల చోటు వదిలి ఉంచండి. నువ్వుల మిఠాయిలు, టీ, ఎండు పుట్టగొడుగులు సర్దుతూనే ఉంటారు, వద్దంటే బాధపడతారు.

నెల రోజుల ఖర్చుకు డబ్బు చేతికిస్తే తీసుకోరు. ఎర్ర కవరులో సరి సంఖ్య మొత్తం పెట్టండి, 4 అంకె రాకుండా చూసుకోండి. పొద్దున మంచం సర్దేటప్పుడు వాళ్ల దిండు కింద పెట్టి, విమానం ఎక్కాక వీచాట్‌లో చెప్పండి. ముందే కనిపించిందా, ఇల్లు దాటేలోగా మీకే తిరిగి వస్తుంది. అందుకే పెట్టె మూసే ముందు పైజేబు ఒకసారి తడిమి చూసుకోండి. ఒకసారి మా పెద్దదాని బూటులో దొరికింది, నేను పెట్టినదానికి మరో రెండు నోట్లు చేర్చి.